అలారం మోగితే గాలి ఆగాలి

1980 నవంబరు 21. లాస్ వేగస్‌లోని ఎంజీఎం గ్రాండ్ హోటల్లో ఉదయం ఏడు దాటిన కాసేపటికి, కింది అంతస్తులోని డెలి అనే రెస్టారెంటులో మంటలు కనిపించాయి. ఆ వేళకు రెస్టారెంటు ఇంకా తెరవలేదు. గోడ లోపల వైర్లలో తలెత్తిన లోపం గంటల తరబడి ఎవరికీ తెలియకుండా రగిలింది. బయటపడ్డాక మాత్రం నిమిషాల్లో పక్కనున్న కేసినో హాలంతా తగలబడిపోయింది. ఆ రోజు 85 మంది చనిపోయారు.

మంట దాదాపుగా కింది భాగంలోనే ఆగిపోయింది. గదులున్న పై అంతస్తులకు అది ఎక్కలేదు. అయినా చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పై అంతస్తుల్లో ఉన్నవాళ్లే. వాళ్లను చంపింది పొగ. అది మెట్ల దారుల గుండా, లిఫ్టు గోతుల గుండా పైకి వెళ్లింది. అక్కడితో ఆగకుండా గదులకు చల్లగాలి అందించే డక్టుల్లోకీ చేరింది. డక్టుల్లో పొగను అడ్డుకోవడానికి డ్యాంపర్లు ఉంటాయి. అవి అవసరమైనప్పుడు వాటంతట అవే మూసుకునే రేకు తలుపులు. ఆ హోటల్లో కొన్ని డ్యాంపర్లు మూసుకునే వీల్లేకుండా బోల్టులతో బిగించి ఉన్నాయని దర్యాప్తులో బయటపడింది. మనుషులకు గాలి పంపాల్సిన యంత్రాలే వాళ్ల గదుల్లోకి విషాన్ని పంపాయి.

మన దేశంలోనూ ఇలాంటివి జరిగాయి. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో కింద పార్కింగు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంటే, పైన సినిమా చూస్తున్న 59 మంది ఊపిరాడక ప్రాణాలు విడిచారు. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలో ఏఎంఆర్ఐ ఆసుపత్రి సెల్లార్లో నిప్పు పుట్టింది. ఆ పొగ ఏసీ డక్టుల గుండా వార్డుల్లోకి చేరింది. అద్దాలతో మూసేసిన ఆ భవనంలోంచి పొగ బయటికి పోయే దారి లేకపోయింది. సుమారు 90 మంది చనిపోయారు. వాళ్లలో అత్యధికులు మంచం దిగి నడవలేని రోగులు.

ఈ దుర్ఘటనలు చదివి ఇంజినీర్లు నేర్చుకున్న పాఠం ఒకటుంది. పొగ వాసన తగిలిన క్షణాన భవనంలో గాలి ఆడించే ఫ్యాన్లు ఆగిపోవాలి. పెద్ద భవనాల్లో ఇది ఇప్పుడు నియమం. ఇంట్లో మాత్రం ఎవరూ దీని గురించి ఆలోచించరు. ఈ అధ్యాయం ఇళ్ల గురించే.

ముందు ఏ రకం ఇల్లో చెప్పుకోవాలి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో స్థిరపడిన పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులకు ఆ ఇళ్ల తీరు తెలుసు. అక్కడ గదికో ఏసీ ఉండదు. అటకమీదో, గరాజులోనో, బేస్‌మెంటులోనో ఒకే యంత్రం ఉంటుంది. చలికాలంలో గ్యాసు మండించి గాలిని వేడిచేస్తుంది, ఎండాకాలంలో అదే గాలిని చల్లబరుస్తుంది. గాలిని వేడిచేసే దాని భాగాన్ని ఫర్నేసు అని, లోపలి పెద్ద ఫ్యానును బ్లోయర్ అని అంటారు. అది రేకు గొట్టాల గుండా ప్రతి పడకగదికీ గాలిని తోస్తుంది. తోసిన గాలి మళ్లీ వెనక్కి రావాలి కదా. అందుకని హాలు గోడకో నడవ పైకప్పుకో ఒక పెద్ద జల్లెడ గ్రిల్ పెడతారు. ఇల్లంతా తిరిగిన గాలి ఆ గ్రిల్ గుండా యంత్రానికి చేరి, ఫిల్టరు దాటి, మళ్లీ గదులకు బయల్దేరుతుంది.

ఎంత గాలి తిరుగుతుందో చూద్దాం. 2000 చదరపు అడుగుల ఇల్లు, ఎనిమిది అడుగుల ఎత్తు పైకప్పు అనుకుంటే లోపలి గాలి మొత్తం 16,000 ఘనపుటడుగులు. అలాంటి ఇంటికి మూడు టన్నుల యంత్రం పెట్టారనుకుందాం. టన్నుకు నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి అన్నది ఆ వృత్తిలో అందరూ వాడే లెక్క. అంటే నిమిషానికి 1200. ఇంటి గాలికి సమానమైన పరిమాణం సుమారు 13 నిమిషాలకోసారి ఆ బ్లోయర్ గుండా వెళుతుంది. హాల్లో సోఫా రగిలిందంటే, దాని పొగ ఏ మూల గదికైనా చేరడానికి పక్కా రహదారి సిద్ధంగా ఉందన్నమాట.

ఆ 13 నిమిషాలను ఇంకో లెక్క పక్కన పెట్టాలి. అగ్నిమాపక పరిశోధనలు చేసే అమెరికా సంస్థ యూఎల్ చాలా ఏళ్లుగా చెబుతున్న మాట ఇది. నలభై ఏళ్ల కిందట ఇంట్లో నిప్పు అంటుకుంటే బయటపడేందుకు సుమారు 17 నిమిషాలు దొరికేవి. ఇప్పుడు మూడు నిమిషాలో, అంతకన్నా తక్కువో. అప్పటి కుర్చీలు చెక్క, పత్తి. ఇప్పటి సోఫాల లోపల పాలియురేథేన్ ఫోమ్, పైన సింథటిక్ బట్ట. అవి మండితే నల్లటి దట్టమైన పొగ వస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకునే శక్తి ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా ఎక్కువ. నిద్రలో ఉన్న మనిషికి అది దగ్గు కూడా తెప్పించదు. ఇంకా గాఢ నిద్రలోకి తీసుకుపోతుంది.

ఇక్కడ తలుపు సంగతి చెప్పాలి. యూఎల్ పరిశోధకులు నిజమైన ఇళ్లకు నిప్పంటించి కొలతలు తీసుకున్నారు. తలుపు తెరిచి ఉన్న పడకగదిలో వేడి 1000 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు 540 సెల్సియస్‌కు చేరిన సందర్భంలో, తలుపు మూసిన గదిలో అది 100 ఫారన్‌హీట్ దగ్గర, అంటే మన మే నెల ఎండ దగ్గర ఆగిపోయింది. తెరిచిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షలకు 10,000 వంతులుంటే, మూసిన గదిలో సుమారు 1000. అందుకే రాత్రి పడుకునే ముందు తలుపు మూసుకోమని అక్కడ ఊరూరా ప్రచారం చేస్తున్నారు. ఖర్చు లేని రక్షణల్లో ఇంతకు మించింది నాకు కనబడలేదు.

కాని ఆ మూసిన తలుపును డక్టు పక్కదారిన దాటేస్తుంది. బ్లోయర్ తిరుగుతున్నంతసేపూ నడవలోని గ్రిల్ హాల్లోని పొగను పీలుస్తూనే ఉంటుంది. ఫిల్టరు మసిని కొంత పట్టుకోవచ్చు గాని వాయువులను ఆపలేదు. ఆ పొగ మిగతా గాలిలో కలిసి, తలుపు మూసుకుని పడుకున్న పిల్లల గదిలోకి పైకప్పు రంధ్రం నుంచి దిగుతుంది. కలవడం వల్ల పలచబడుతుంది, నిజమే. కాని పలచబడిన కార్బన్ మోనాక్సైడ్ కూడా రక్తంలో నిమిష నిమిషానికీ పేరుకుంటుంది.

గాలి ఆడుతూ ఉండడం వల్ల రెండో నష్టం డిటెక్టరుకు. పొగ మామూలుగా పైకప్పుకు చేరి అక్కడ పొరలా పరుచుకుంటుంది. డిటెక్టరు దాన్ని అక్కడే పట్టాలి. పక్కనే గాలి చిమ్మే రంధ్రం ఉంటే శుభ్రమైన గాలి పొగను డిటెక్టరు దగ్గరికి రానివ్వదు, అలారం ఆలస్యమవుతుంది. గాలి రంధ్రానికి కనీసం మూడడుగుల దూరంలో స్మోక్ అలారం పెట్టాలని అమెరికా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 72 చెప్పడానికి కారణం ఇదే. ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ ఒక రోజు వస్తాడు, డక్టులు వేసేవాడు మరో రోజు వస్తాడు. ఒకరు ఎక్కడ రంధ్రం పెట్టారో మరొకరు చూడరు. మీ ఇంట్లో అవి రెండూ ఎంత దూరంలో ఉన్నాయో ఒక్కసారి తలెత్తి చూసుకోండి.

మరి చట్టం ఎందుకు పట్టించుకోలేదు? పట్టించుకుంది, కాని ఒక గీత గీసింది. అమెరికాలో నిమిషానికి 2000 ఘనపుటడుగులకు మించి గాలి తోసే యంత్రాల డక్టుల్లో స్మోక్ డిటెక్టరు ఉండాలి, అది పొగను పసిగడితే యంత్రం ఆగిపోవాలి. డక్టుకు అడ్డంగా రంధ్రాలున్న సన్నని గొట్టం ఒకటి అమర్చి, ప్రవాహంలోంచి కాస్త గాలిని బయటి డబ్బాలోకి తీసి నిరంతరం పరీక్షించే పరికరం అది. పై లెక్క ప్రకారం 2000 అంటే అయిదు టన్నులు. ఇళ్లకు పెట్టే యంత్రాలు దాదాపు అన్నీ అయిదు టన్నులకు లోపే. పెద్ద ఇంటికి రెండు చిన్న యంత్రాలు పెడతారు, అవీ విడివిడిగా గీత కిందే ఉంటాయి. ఇళ్ల నిర్మాణ నిబంధనలు ప్రతి పడకగదిలో, పడకగదుల బయట, ప్రతి అంతస్తులో అలారాలు పెట్టమంటాయి. ఒకటి మోగితే అన్నీ మోగేలా కలపమంటాయి. ఆ కలిపిన తీగను ఫర్నేసు దాకా తీసుకెళ్లమని మాత్రం అనవు. ఆ కాస్త దూరం ఇంటి యజమాని బాధ్యతగా మిగిలిపోయింది.

అలారానికీ గాలి యంత్రాలకూ సంబంధం కొత్తదేమీ కాదు. 1930లలో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త వాల్టర్ యేగర్ విషవాయువును పసిగట్టే పరికరం తయారుచేయబోయి విఫలమై, నిరాశతో సిగరెట్ వెలిగించాడు. విషవాయువుకు కదలని ముల్లు ఆ పొగకు కదిలింది. 1960లలో కొలరాడోకు చెందిన డ్యూయేన్ పియర్సల్ దగ్గరా దాదాపు ఇదే జరిగింది. ఆయన వేడిగాలి, వెంటిలేషన్ వ్యాపారం నుంచి వచ్చినవాడు. స్థిర విద్యుత్తును పోగొట్టడానికి గాలిలోకి అయాన్లను వదిలే యంత్రం మీద పనిచేస్తుండగా, ఒక ఉద్యోగి సిగరెట్ పొగకు మీటరు ముల్లు పడిపోయింది. బ్యాటరీతో నడిచే ఇంటి అలారం ఆ ఆవరణలోనే పుట్టింది. లోపల అతి స్వల్ప మోతాదులో అమెరీషియం-241 గాలిని అయనీకరిస్తూ ఉంటుంది. పొగ రేణువులు అయాన్లకు అంటుకోగానే సన్నని విద్యుత్ ప్రవాహం తగ్గుతుంది, బజర్ మోగుతుంది. తర్వాత కాంతి చెదరడాన్ని బట్టి పొగను గుర్తించే ఫోటోఎలక్ట్రిక్ రకం వాడుకలో పెరిగింది. నెమ్మదిగా రగిలే సోఫా పొగను పట్టడంలో ఇదే మెరుగు.

ఇప్పుడు తీగల దగ్గరికి వద్దాం. ఇక్కడ పని అనుకున్నంత కష్టం కాదు, అనుకున్నంత తేలికా కాదు.

అమెరికా ఇంటి ఫర్నేసు తెరిచి చూస్తే అందులో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది 120 వోల్టులను 24 వోల్టులకు దించుతుంది. గోడమీద ఉండి ఉష్ణోగ్రతను నియంత్రించే థర్మోస్టాట్‌కు వెళ్లేవన్నీ ఈ 24 వోల్టుల సన్నని తీగలే. ఆర్ అనే తీగలో కరెంటు వస్తుంది. థర్మోస్టాట్ దాన్ని డబ్ల్యుకు కలిపితే వేడి, వైకి కలిపితే చల్లదనం, జికి కలిపితే ఒట్టి ఫ్యాను. సి అన్నది తిరుగు తీగ. యంత్రానికి అందే ఆదేశాలన్నీ ఆర్ నుంచే బయల్దేరతాయి కాబట్టి, ఆ ఒక్క తీగ తెగితే వేడీ లేదు, చల్లదనమూ లేదు.

ఆ తీగను తెంచే పని రిలేది, అంటే సంకేతం అందితే పనిచేసే చిన్న స్విచ్చుది. ఇళ్లలో స్మోక్ అలారాలను కలిపే మూడో తీగలో, ఏ అలారం పొగను పట్టినా 9 వోల్టుల సంకేతం వెళుతుంది. కిడ్డే, బీఆర్‌కే వంటి అలారం కంపెనీలు అదే తీగకు తగిలించే రిలే పెట్టెలు అమ్ముతాయి. సంకేతం రాగానే రిలే టక్కుమని కొట్టుకుంటుంది, మామూలుగా కలిసి ఉండే దాని కాంటాక్టు విడిపోతుంది. ఆర్ తీగను ఆ కాంటాక్టు గుండా తీసుకెళ్తే సరిపోతుంది. ఒక కంపెనీ అలారాలకు మరో కంపెనీ రిలే తగిలించకూడదు, సంకేతాలు కలవకపోవచ్చు. ఏసీ మెకానిక్కులకు ఈ తెంపుడు ఏర్పాటు కొత్త కాదు. ఏసీ కింద నీళ్ల ట్రే నిండి పొంగబోతే యంత్రాన్ని ఆపే ఫ్లోట్ స్విచ్చును వాళ్లు ఇలాగే వరసలో కలుపుతుంటారు. రిలే కూడా ఆ వరసలోనే కూర్చుంటుంది.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. థర్మోస్టాట్ దగ్గర ఆర్ తీగ తెగితే గ్యాసు వాల్వు వెంటనే మూసుకుంటుంది గాని బ్లోయర్ వెంటనే ఆగదు. వేడెక్కిన రేకుల్లో మిగిలిన వేడి వృథా పోకుండా ఫర్నేసు బోర్డు ఇంకో నిమిషంన్నర, రెండు నిమిషాలు దాన్ని తిప్పుతుంది. ఏసీ వేళల్లోనూ అలాంటి గడువు ఉంటుంది. తప్పించుకోవడానికి ఉన్నదే మూడు నిమిషాలైతే, అందులో రెండు నిమిషాలు పొగను పంచే ఏర్పాటు మనకేం ఉపయోగం? అందుకే తెంపవలసిన చోటు థర్మోస్టాట్ కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌కూ కంట్రోల్ బోర్డుకూ నడుమ తెంపాలి. బోర్డుకే కరెంటు అందకపోతే బ్లోయర్ అప్పుడే ఆగుతుంది. వేడి రేకుల మీద గాలి హఠాత్తుగా ఆగితే యంత్రం పాడవదా అని మెకానిక్ అడగవచ్చు. రోజూ అలా చేస్తే మంచిది కాదు. ఎప్పుడో ఒకసారి అలారానికి జరిగితే నష్టమేమీ లేదు. కరెంటు పోయినప్పుడు జరిగేదీ అదే.

థర్మోస్టాట్, ఫర్నేసు పరస్పరం డిజిటల్ భాషలో మాట్లాడుకునే కొత్త యంత్రాల్లో ఆర్, డబ్ల్యు తీగల పద్ధతి ఉండదు. వాటికి తయారీదారు ఇచ్చిన పుస్తకంలో బయటి స్విచ్చుతో ఆపే చోటు ఎక్కడుందో చూసి అక్కడే కలపాలి. ఊహమీద తీగలు కత్తిరించవద్దు.

తీగలకన్నా కఠినమైన ప్రశ్న మరొకటుంది. ఈ రిలే చెడిపోతే యంత్రం ఆగిపోవాలా, నడుస్తూనే ఉండాలా? కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో చాలాచోట్ల రిలేకు ఎప్పుడూ కరెంటు ఇచ్చి పట్టి ఉంచుతారు. ఏ తీగ తెగినా అది వదిలేస్తుంది, గాలి ఆగుతుంది. అక్కడ చూసుకునే మనిషి ఉంటాడు కాబట్టి అది సబబే. ఇంట్లో, అందునా మిన్నసోటా, మిషిగన్ లాంటి చోట్ల, జనవరి రాత్రి వేడి ఆగిపోతే కొన్ని గంటల్లోనే గోడల్లోని నీటి పైపులు గడ్డకట్టి పగులుతాయి. కాబట్టి ఇంటికి తిరగేసిన పద్ధతే సరి అని నా అభిప్రాయం. మామూలు వేళ రిలే విశ్రాంతిలో ఉంటుంది, కాంటాక్టు కలిసే ఉంటుంది. అలారం వస్తేనే విడిపోతుంది. రిలే చచ్చిపోయినా ఇల్లు వెచ్చగానే ఉంటుంది. బదులుగా ఏడాదికి రెండుసార్లయినా అలారం మీట నొక్కి బ్లోయర్ ఆగుతోందో లేదో చేత్తో పరీక్షించాలి.

అలారం ఆగాక యంత్రం దానంతట అది మళ్లీ మొదలవ్వాలా అన్నది దీనికి తోడబుట్టిన ప్రశ్న. నిజమైన అగ్నిప్రమాదంలో మనిషి వచ్చి మీట నొక్కేదాకా ఆగే ఉండడం మేలు. అలారాలు, వాటి తీగలు కాలిపోయి సంకేతం మాయమైతే బ్లోయర్ మళ్లీ లేస్తుందేమోనన్న భయం ఉండదు. కాని మనవాళ్ల అలవాటు ఒకటి గుర్తుంచుకోండి. డిసెంబరులో పిల్లలకు సెలవులు ఇవ్వగానే ఇంటికి తాళం వేసి నాలుగు వారాలకు హైదరాబాదో విజయవాడో వచ్చేస్తారు. ఆ సమయంలో దుమ్ము వల్లనో పురుగు దూరడం వల్లనో ఒక్క దొంగ అలారం మోగి, వేడి ఆగి, అలాగే ఉండిపోతే తిరిగి వెళ్లేసరికి ఇల్లు చెరువవుతుంది. అందుకని చలి ప్రాంతాల్లో తనంతట తాను మళ్లీ కలిసే రిలేనే మంచిది. దానితో పాటు లోపలి ఉష్ణోగ్రత పడిపోతే ఫోనుకు కబురు పంపే సెన్సరు ఒకటి ఉండాలి. ఊరికి వెళ్లేముందు నీటి మెయిన్ వాల్వు కట్టేయడం ఎలాగూ మంచి అలవాటే.

దొంగ అలారాల మాట వచ్చింది కాబట్టి వంటింటి సంగతీ చెప్పాలి. మన వంటలో తాలింపు ఉంది, ఎండుమిర్చి వేయించడం ఉంది, పెనంమీద కాలే దోసె ఉంది. వ్రతాలకు సాంబ్రాణి, గృహప్రవేశానికి హోమం ఉన్నాయి. అలారం అరిచిందని కుర్చీ వేసుకుని బ్యాటరీ ఊడబీకడం, ప్లాస్టిక్ సంచీ తొడగడం చాలా ఇళ్లలో చూస్తాం. సంచీ తొడిగి మరిచిపోతారు. అమెరికాలో ఇళ్ల అగ్నిప్రమాద మరణాల్లో దాదాపు అయిదింట మూడు వంతులు అలారమే లేని, ఉన్నా పనిచేయని ఇళ్లలో జరిగేవే. అలారాన్ని నోరు మూయించిన ఇంట్లో రిలే ఎంత బాగా కలిపినా వ్యర్థం. పొయ్యికి కనీసం పదడుగుల దూరంలో ఫోటోఎలక్ట్రిక్ అలారం పెడితే తాలింపు గొడవ చాలా తగ్గుతుంది. యూఎల్ 217 ప్రమాణపు కొత్త కూర్పు ప్రకారం తయారైన అలారాలు వంట పొగనూ నిప్పు పొగనూ వేరుచేయగలగాలి. అందుకు మాంసం ముక్కలు గ్రిల్ చేసి మరీ పరీక్షిస్తారు. పాత అలారాలు పదేళ్లు దాటితే ఎలాగూ మార్చాల్సిందే. హోమం రోజున అలారాన్ని కాసేపు మౌనంగా ఉంచే మీట వాడండి, కిటికీలు తీయండి. బ్యాటరీ జోలికి వెళ్లకండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారానిది వేరే లెక్క. స్మోక్ అలారం మూడేసి కూతలు వేస్తుంది, ఇది నాలుగేసి. చలికాలంలో ఆ వాయువుకు పుట్టిల్లు చాలాసార్లు ఫర్నేసే. లోపలి రేకు పగిలి, గ్యాసు మండగా వచ్చిన వాయువులు గదుల గాలిలో కలుస్తాయి. కాబట్టి ఇక్కడ మొదట ఆపవలసింది మంట. గూగుల్ అమ్మిన నెస్ట్ థర్మోస్టాట్, నెస్ట్ ప్రొటెక్ట్ అలారం జంటలో ఈ తేడా చక్కగా అమర్చారు. పొగ వస్తే ఫ్యాను ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్ వస్తే వేడి ఆపుతుంది. ఆ అలారం తయారీని గూగుల్ ఆపేస్తున్నట్టు 2025 మార్చిలో ప్రకటించింది. ఒక కంపెనీ నిర్ణయంతో మన ఇంటి రక్షణ మూలపడే పరిస్థితి నాకు నచ్చదు. వైఫై మీద, ఎక్కడో ఉన్న సర్వర్ల మీద ఆధారపడి థర్మోస్టాట్‌ను ఆపే ఏర్పాట్లు ఇంకా చాలా ఉన్నాయి. లేనిదానికన్నా అవి మేలే. కాని రౌటరు ప్లగ్గు పీకినా పనిచేసేది రాగి తీగ, రిలే మాత్రమే.

ఫ్యాను ఆగినంత మాత్రాన డక్టు మూసుకుపోదని కూడా చెప్పాలి. వేడి పొగ తేలికైనది, ఆ గొట్టాల్లోనే మెల్లగా పైకి పాకుతుంది. ఇళ్లలో డ్యాంపర్లు ఉండవు. బ్లోయర్ ఆపడం వల్ల మనకు దక్కేవి కొన్ని నిమిషాలు. మూసిన తలుపు వెనక, మోగుతున్న అలారంతో, ఆ కొన్ని నిమిషాలే కావలసింది.

ఇక మన ఊళ్లు. హైదరాబాదు, విశాఖ, విజయవాడ ఫ్లాట్లలో ఉన్నది స్ప్లిట్ ఏసీ. అది ఆ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, పక్క గది గాలితో దానికి పనిలేదు. కనుక పొగను గది నుంచి గదికి మోసే గొడవ అక్కడ తక్కువ. కాని కొత్తగా కడుతున్న విల్లాల్లో, పెద్ద డూప్లెక్సుల్లో ఫాల్స్ సీలింగ్ పైన డక్టులు వేసి, హాలూ పడకగదులూ ఒకే యంత్రం మీద నడపడం పెరుగుతోంది. అక్కడ పైన చెప్పిన ప్రతి మాటా వర్తిస్తుంది. మన జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016లో నాలుగో భాగం అగ్ని రక్షణకు సంబంధించింది. సెంట్రల్ ఏసీ ఉన్న భవనాల్లో పొగ పసిగట్టగానే గాలి యంత్రాలు ఆగాలని, డక్టుల్లో డ్యాంపర్లు ఉండాలని అది చెబుతోంది. సొంతంగా కట్టుకునే విల్లాలో ఆ పుస్తకం తెరిచి చూసే మనిషి కనబడడు. చాలా ఇళ్లలో స్మోక్ అలారమే ఉండదు, ఇక దాన్ని దేనికి కలుపుతాం?

డక్టులు లేని భవనాల్లో ఆ పనిని మెట్లదారి చేస్తుంది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులోని రూబీ హోటల్లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ మెట్ల గుండా పైకి ఎక్కింది. పైన బస చేసిన ఎనిమిది మంది చనిపోయారు. మెట్ల దగ్గరి తలుపులు ఎప్పుడూ మూసి ఉంచాలనే నియమం ఇందుకే. గాలి కోసమని ఇటుక ఆనించి తెరిచి ఉంచే తలుపు, ఆ రోజు వస్తే, బోల్టుతో బిగించిన డ్యాంపరు లాంటిదే.

ఇల్లు కడుతున్నవాళ్లకు ఒక విన్నపం. డక్టులతో ఏసీ పెట్టించుకుంటుంటే ఫాల్స్ సీలింగ్ మూయకముందే కాంట్రాక్టరును రెండు మాటలు అడగండి: స్మోక్ అలారాల తీగ యంత్రం దాకా వేశావా, అలారం మోగితే బ్లోయర్ ఎన్ని సెకన్లలో ఆగుతుంది? సమాధానం నోటితో వద్దు, మీట నొక్కి చూపించమనండి. సీలింగ్ మూశాక అదే తీగ వేయాలంటే ఇల్లంతా పగలగొట్టాలి. ఇప్పటికే అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు ఈ రాత్రికి అలారం టెస్ట్ మీట నొక్కి చూడండి. పడకగది తలుపులు మూసుకుని పడుకోండి. యంత్రాన్ని పూర్తిగా ఆపే స్విచ్చు ఎక్కడుందో ఇంట్లో అందరికీ, పెద్దవాళ్లకు కూడా, చూపించి పెట్టండి. నిజంగా పొగ వచ్చిన రోజున మాత్రం ఆ స్విచ్చు కోసం వెనక్కి వెళ్లవద్దు. పిల్లలను తీసుకుని బయటికి నడవండి.